పంచాయతీ బడ్జెట్టు: కట్టుట ఒక పద్దు, నడుపుట మరియొక పద్దు

మన సంఘ సభ్యులు కార్యాలయమునకు వచ్చినప్పుడు ఎరువుల మాటయు, అప్పుల మాటయు ముగిసిన పిమ్మట తరచుగా వేరొక మాట యెత్తుచుందురు. "మా యూర నీళ్ల ట్యాంకు కట్టిరి, మోటారు చెడినచో బాగుచేయించు దిక్కు లేదు. చెత్త షెడ్డు కట్టిరి. చెత్త తెచ్చు మనిషి లేడు. వీధికి దీపము వేసిరి. అది ఆరినచో తిరిగి వెలుగుటకు నెలలు పట్టును. లక్షలు వ్యయపరచినవారు ఈ కొంచెము ఏల వ్యయపరుపరు?" అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము పంచాయతీ బడ్జెట్టులోనే కలదు. కాని యా బడ్జెట్టును చదువుట మన రైతులలో పెక్కుమందికి అలవాటు లేదు. గాన ఆ సంగతిని ఈ సంచికలో మాకు చేతనైనంత సులభముగా వివరింపదలచితిమి.

రెండు విధములైన వ్యయములు

చోడవరము ప్రాంతపు రైతునకు బెల్లపు పాక క్రొత్త కాదు. గానుగయు, పెనమును ఒకసారి కొన్న చాలును. అవి యేండ్ల తరబడి యుండును. కాని వానిని కొన్నంత మాత్రమున బెల్లము దిగదు. ప్రతిదినము చెరకు అందించువాడు, పొయ్యి యెగద్రోయువాడు, పాకము చూచువాడు కావలెను. వారికి కూలి ఏ రోజున కారోజు ఈయవలెను. పెనము కొనుటకు అప్పు దొరకవచ్చును; కూలి మాత్రము చేతి సొమ్ముతోనే జరుగవలెను.

పంచాయతీ వ్యయములును ఇట్టివే. ట్యాంకు, షెడ్డు, రోడ్డు, కాలువ, భవనము, ఇవి యొకసారి చేయు వ్యయములు. మోటారు నడుపువాని జీతము, పారిశుద్ధ్య కార్మికుల వేతనము, కరెంటు బిల్లు, క్లోరిను, బల్బులు, మరమ్మతు, ఇవి ఏటేట వచ్చు వ్యయములు. మొదటి తరగతి వ్యయమునకు ధనము సాధారణముగా పైనుండి పథకముల రూపమున వచ్చును. రెండవ తరగతి వ్యయములో అధిక భాగము గ్రామము తన స్వంత రాబడినుండి భరింపవలసినది. మనము సభలలో అడుగునది మొదటిదానిని. మనకు దినదినము కొరతపడునది రెండవది. ఈ భేదమును గుర్తించినగాని పంచాయతీ పద్దు మనకు బోధపడదు.

ఇంటిపన్ను పుట్టుక

ఈ యేర్పాటు నేటిది కాదు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి చేసిన తీర్మానము ననుసరించి మద్రాసు రాజధానియందు 1884లో స్థానిక బోర్డుల చట్టము వచ్చినది. జిల్లాకు జిల్లా బోర్డు, దానిక్రింద తాలూకా బోర్డులు, పెద్ద గ్రామములకు యూనియనులు ఏర్పడినవి. యూనియనులకు ఇండ్లపై పన్ను వేయు అధికార మీయబడినది. వీధులు ఊడ్పించుట, దీపములు పెట్టించుట, బాటలను, మురుగు కాలువలను బాగుచేయించుట ఆ పన్నుతో జరుగవలసిన పనులు. అనగా ఇంటిపన్ను పుట్టినదే నడిపించు వ్యయము కొరకు. పిమ్మట 1920లోను, 1950లోను మద్రాసు గ్రామ పంచాయతీ చట్టములు, 1964లో ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము, 1994లో నేటి పంచాయతీరాజ్ చట్టము వచ్చినవి. చట్టములు మారినను ఇంటిపన్ను మారలేదు; దాని ప్రయోజనమును మారలేదు.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నొసగినది. పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు చూపి, వీనిని పంచాయతీలకు అప్పగింపవచ్చునని రాష్ట్రములకు మార్గము చూపినది. త్రాగునీరు, పారిశుద్ధ్యము, రోడ్లు, గ్రంథాలయములు, వ్యవసాయము, చిన్న నీటివనరులు అందులోనివే. కాని విషయము నప్పగించుట వేరు, దానికి వలయు ధనమును, మనుష్యులను అప్పగించుట వేరు.

బడ్జెట్టు నెవరు చేయుదురు?

పంచాయతీ ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగియును. రాబోవు సంవత్సరమున ఎంత రాబడి యుండును, ఎంత వ్యయము కావలెను అను అంచనాను ముందుగా సిద్ధపరచి పంచాయతీ ముందుంచవలెను. ఎన్నికైన సభ్యులు దానిని చర్చించి, అవసరమైన మార్పులు చేసి ఆమోదింతురు. వీధులు, మురుగు కాలువలు, దీపములు, పారిశుద్ధ్యము, త్రాగునీరు, శ్మశానములు పంచాయతీ విధిగా చూడవలసినవి. గ్రంథాలయములు, బాటల ప్రక్క చెట్లు మొదలగునవి వీలునుబట్టి చేయదగినవి.

గ్రామమునందలి ఓటర్లందరును గ్రామసభ సభ్యులే. గత సంవత్సరపు లెక్కలు, ఆడిటు నివేదిక, రాబోవు సంవత్సరపు పనుల పట్టిక, క్రొత్త పన్నుల ప్రతిపాదన ఈ సభయందు చర్చకు రావలెను. సహకార సంఘ సర్వసభ్య సమావేశమున జమాఖర్చులను చదివించి ప్రశ్నించుట మన సభ్యులకు తెలియని పని కాదు. గోవాడయందలి చోడవరం సహకార చక్కెర కర్మాగారమున వాటా గల చెరకు రైతులకును తెలియని పని కాదు. ఆ యలవాటునే గ్రామసభకును కొనిపోవలయును.

ధనము ఎక్కడనుండి వచ్చును?

పంచాయతీ రాబడి రెండు పాయలుగా వచ్చును. మొదటిది స్వంత రాబడి: ఇంటిపన్ను, కుళాయి రుసుము, సంతల ఆశీళ్లు, చెరువుల వేలము, దుకాణముల అద్దెలు, లైసెన్సు రుసుములు మొదలైనవి. ఆస్తుల క్రయవిక్రయములపై వచ్చు స్టాంపు సుంకపు సర్‌ఛార్జిలో వాటాయు దీనికి తోడగును. రెండవది గ్రాంటులు: కేంద్ర ఆర్థిక సంఘము సిఫారసుపై వచ్చునవి, రాష్ట్ర ప్రభుత్వ మొసగునవి, పథకముల నిధులు.

పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 ఐదేండ్లకు దేశమునందలి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. ఇది చిన్న మొత్తము కాదు. కాని యీ ధనమునకు కట్టుబాట్లు కలవు. నూటికి 60 వంతులు ముడివడిన నిధులు: అందులో 30 పారిశుద్ధ్యమునకు, 30 త్రాగునీటికి, వాననీటి సంరక్షణకు వినియోగింపవలెను. తక్కిన 40 వంతులు గ్రామము తన యవసరమునుబట్టి వాడుకొనవచ్చును. అయితే జీతములకును, కార్యాలయ సిబ్బంది వ్యయమునకును వాడరాదని నియమము. ముడివడిన నిధులతో నీటి పథకముల నిర్వహణకు కొంత చేయవచ్చునుగాని, నెలనెల మనిషికి జీత మిచ్చు భారము నంతటిని ఆ నిధులపై మోపుటకు వీలులేదు. చదువరు లీ నియమమును జ్ఞాపక ముంచుకొనవలెను. "లక్షలు వచ్చినవిగదా, మనిషి నేల పెట్టరు?" అను ప్రశ్నకు సగము సమాధాన మిందే యున్నది.

ఎవరి జీత మెవరు ఇచ్చెదరు?

సిబ్బంది విషయమున మన వారికి మరియొక భ్రమ కలదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ప్రారంభమైన నాటినుండి గ్రామమున ఉద్యోగులు పెక్కుమంది కనబడుచున్నారు. వ్యవసాయ సహాయకుడు, సర్వేయరు, డిజిటల్ సహాయకుడు, సంక్షేమ సహాయకుడు మొదలగు వారు సచివాలయమున కూర్చుందురు. వీరి జీతములు రాష్ట్ర ఖజానానుండి వచ్చును. వీరి సంఖ్యను రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించును. 2025లో ప్రభుత్వము జనసంఖ్యనుబట్టి సచివాలయములను తరగతులుగా విభజించి సిబ్బందిని సర్దుబాటు చేసినది. ఈ నిర్ణయము ఏ పంచాయతీ బడ్జెట్టులోనిదియు కాదు.

పంచాయతీ తన పద్దునుండి సాధారణముగా వేతన మీయవలసినవారు వేరు. వీధి యూడ్చువారు, కాలువలోని పూడిక తీయువారు, ట్యాంకునకు నీరెక్కించువాడు, దీపముల పని చూచువాడు, ఇట్టివారు. వీరి పేరు ఏ బోర్డుమీదను ఉండదు. వీరు రెండు దినములు పనికి రాకున్నచో ఊరివారందరకును వీరి విలువ తెలియును; వీరికి మూడు నెలలు వేతన మందకున్నచో ఊరిలో నొకరికైనను తెలియదు. సౌకర్యమనగా సిమెంటు కట్టడము కాదనియు, ఆ కట్టడమునకు ప్రాణము పోయు మనిషి అనియు మా అభిప్రాయము.

ఒక ఊహా లెక్క

విషయము స్పష్టపడుటకు ఒక లెక్క వేసి చూతము. ఇది ఏ గ్రామపు లెక్కయు కాదు. లెక్క సులభముగా నుండుటకై మేము కల్పించుకొన్నది. 800 ఇండ్లు గల ఒక గ్రామము ననుకొందము. అచ్చట ప్రభుత్వ పథకము క్రింద 20 లక్షల రూపాయలతో ట్యాంకు కట్టిరి. దానిని నడుపుటకు ఏటికి కావలసినది:

నీరెక్కించువాని వేతనము నెలకు 6,000 చొప్పున 72,000 రూపాయలు.
కరెంటు నెలకు 8,000 చొప్పున 96,000 రూపాయలు.
క్లోరినుకు, మరమ్మతులకు 40,000 రూపాయలు.
మొత్తము 2,08,000 రూపాయలు.

దీనిని 800 ఇండ్లకు పంచినచో ఇంటికి ఏటికి 260 రూపాయలు. నెలకు 22 రూపాయలకు లోపు. ఇంత స్వల్పమైన మొత్తము లేక 20 లక్షల కట్టడము మూలబడుట ఎంత నష్టమో రైతులు తామే గ్రహింపగలరు.

ఇప్పుడు రాబడి చూతము. ఇంటిపన్ను సగటున ఇంటికి 500 రూపాయలైనచో మొత్తము డిమాండు 4,00,000 రూపాయలు. నూటికి 65 వంతులు మాత్రమే వసూలైనచో వచ్చునది 2,60,000. అందులో నీటి వ్యయము 2,08,000 పోగా మిగులునది 52,000. అనగా నెలకు సుమారు 4,333 రూపాయలు. దీనితో ఒక పారిశుద్ధ్య కార్మికునకైనను సరియైన వేతన మీయజాలము. పన్ను పూర్తిగా వసూలైనచో మిగులునది 1,92,000. అనగా నెలకు 16,000. దీనితో నెలకు 8,000 చొప్పున ఇద్దరు కార్మికులను పెట్టవచ్చును. దీపముల బిల్లును, ఇతర రాబడులను లెక్కలో చేర్చలేదు. చేర్చినను సారాంశము మారదు. ఈ గ్రామమున బకాయిపడిన పన్నే ఆ యిద్దరు కార్మికుల కూలి. పన్ను ఎగవేసినవాడు ప్రభుత్వమును మోసగించితినని తలచును; నిజమునకు తన వీధి యూడ్చువాని కూలిని నిలిపినవాడగుచున్నాడు.

మూలబడిన షెడ్డు, ఆరిన దీపము

కట్టడమునకు ధనముండి నడుపుటకు లేకపోవుట యెట్లుండునో రాష్ట్రమంతటను చూచితిమి. 2014-19 నడుమ పెక్కు పంచాయతీలలో ఉపాధి హామీ నిధులతో చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములు కట్టిరి. తడి చెత్తను ఎరువుగా మార్చి రైతులకు అమ్మవలెనని యుద్దేశము. ఉద్దేశము మంచిది; వానపాముల యెరువు మన పొలములకు హితము. కాని యింటింట చెత్త సేకరించు హరిత రాయబారులకు, తరువాత క్లాప్ మిత్రలని పిలువబడిన వారికి గౌరవ వేతనము సక్రమముగ అందని చోట్ల బండ్లు నిలిచినవి, షెడ్లు మూలబడినవి. ఉన్న గోడల కొరకు మనిషిని వెదకుట జరిగినదిగాని, ఉన్న మనిషి కొరకు గోడలు కట్టుట జరుగలేదు.

కరెంటు బిల్లు కథ మరియొకటి. వీధిదీపములకు, నీటి మోటార్లకు పంచాయతీలు చెల్లింపవలసిన బిల్లులు ఏండ్ల తరబడి పేరుకొనినవి. 2021లో రాష్ట్ర ప్రభుత్వము పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘ నిధులనుండి విద్యుత్ బకాయిలకు సొమ్ము సర్దుబాటు చేయగా, మమ్ము అడుగకయే మా నిధులు తీసికొనిరని సర్పంచులు ఆందోళన చేసిరి. సర్పంచుల మాటలో న్యాయము కలదు. తన ఖాతాలోని సొమ్ము తన తీర్మానము లేక కదలరాదు. అయినను మన మందుండి నేర్వదగిన పాఠమును కలదు. నడుపు వ్యయమునకు ముందుగా బడ్జెట్టులో చోటీయనిచో అది మాయమైపోదు. అప్పుగా మారి తరువాత కట్టుబడి సొమ్మును మ్రింగును.

గ్రంథాలయపు పన్ను

ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయపు పన్ను అను పద్దు కలదు. దీనికిని మన తెలుగుదేశమున మంచి చరిత్ర యున్నది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడి ఊరూర పుస్తకశాలలు నెలకొల్పుటకు పాటుపడినది. 1948లో మద్రాసు రాష్ట్ర గ్రంథాలయ చట్టము పన్నును ఏర్పరచినది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింద ఈ పన్ను ఇంటిపన్నుతోడనే వసూలగును; రేటు రూపాయికి 8 పైసలు. 500 రూపాయల ఇంటిపన్నుపై ఇది 40 రూపాయలు.

ఈ 40 రూపాయలు పంచాయతీవి కావు. జిల్లా గ్రంథాలయ సంస్థకు చేర్పవలసినవి. పుస్తకములు, పత్రికలు, పాఠకులు కూర్చుండు చోటు ఈ యాధారముతో నడువవలెను. కాని చేతిలో సొమ్ము లేని పంచాయతీ వేరొక యవసరమునకు దానిని వాడుకొని, సంస్థకు బకాయిపడుట చిరకాలముగా వినవచ్చుచున్న ఫిర్యాదు. ఒక గుంట పూడ్చుటకు వేరొక గుంట త్రవ్వుట ఇట్టిదే. మన పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకొను స్థలము ఆ రెండవ గుంటలో పడుచున్నది.

ఒక ఆక్షేపణ

"పన్నులన్నియు మేమే కట్టి, పనులన్నియు మేమే చేసికొన్నచో ప్రభుత్వమెందులకు?" అని కొంద రడుగవచ్చును. ప్రభుత్వమును బాధ్యతనుండి వదలిపెట్టుమని మేము చెప్పుట లేదు. ఐదేండ్ల కొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘము నేర్పరచి పంచాయతీలకు న్యాయమైన వాటా నిర్ణయింపవలెనని రాజ్యాంగమే చెప్పుచున్నది. ఆ వాటా సకాలమున రావలెనని పట్టుబట్టుట మన హక్కు. కొండప్రక్క పల్లెలు, ఇంటిపన్నుతో ఎన్నటికిని గడువలేని చిన్న పంచాయతీలు కలవు. వానికి అధిక సహాయము కావలెను. పేద యింటిపై మోయలేని పన్ను వేయుటయు మాకు సమ్మతము కాదు. అయినను ఒక సంగతి గమనింపుడు. బకాయిల జాబితాను పెద్ద మొత్తములు ముందుగా వచ్చునట్లు వ్రాయించి గ్రామసభయందు చదివింపుడు. పూరిండ్లవారి పేర్లు ముందు వచ్చునో, మేడలవారి పేర్లు ముందు వచ్చునో మీరే చూడగలరు. తన పన్ను చెల్లించినవాడు ప్రభుత్వమును గట్టిగా ప్రశ్నింపగలడు. బకాయిదారుని ప్రశ్న సభలో నిలువదు.

గ్రామసభలో అడుగదగిన ప్రశ్నలు

ఎట్టి కొత్త సౌకర్యము వచ్చినను దానిని వలదనుమని మా యభిప్రాయము కాదు. తీర్మానమునకు చేయి యెత్తుటకు ముందు ఈ క్రింది ప్రశ్నలు వేసి, సమాధానములు మినిట్స్ పుస్తకమున వ్రాయింపుడు.

1. ఈ కట్టడమును నడుపుటకు ఏటికి ఎంత కావలెను? ఆ మొత్తము ఏ పద్దునుండి వచ్చును?
2. దీనికి మనిషి కావలెనా? ఆ మనిషి వేతనము గ్రాంటునుండి ఈయవచ్చునా, స్వంత రాబడినుండియే ఈయవలెనా?
3. గత సంవత్సరము ఇంటిపన్ను డిమాండు ఎంత, వసూలెంత, పాత బకాయి యెంత?
4. పారిశుద్ధ్య కార్మికులకు ఏ నెలవరకు వేతన మిచ్చిరి?
5. కరెంటు బిల్లు, గ్రంథాలయపు పన్ను బకాయి యెంత?

ఈ సమాధానములలో కొన్నిటిని సభకు పోకముందే చూచుకొనవచ్చును. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వేదికయందు పంచాయతీల అభివృద్ధి ప్రణాళికలు, రాబడి, వ్యయములు పొందుపరుపబడుచున్నవి. చదువుకొన్న యువకు డొకడు చేతిఫోనులోనే తన గ్రామపు లెక్కను తీసి పదిమందికి చదివి వినిపింపగలడు. కాలేజీకి పోవు పిల్లలున్న రైతులు వారిచేత ఈ పని చేయింపవలెను.

త్రాగునీటి విషయమున ఈ జాగ్రత్త మరింత యవసరము. 2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జలజీవన్ మిషన్ ఇంటింటికి కుళాయి పెట్టి, మనిషికి దినమునకు 55 లీటర్ల నీ రీయవలెనని సంకల్పించినది. ఆ పథకపు నియమముల ప్రకారము గ్రామములోపలి పనులను నడుపుట, రుసుము వసూలుచేయుట గ్రామము వంతు. గొట్టము వేసినవారు పనిముగించి వెడలిపోవుదురు. గొట్టము మనకు మిగులును.

ముగింపు

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినది. విశాఖపట్టణపు జిల్లాలోనుండిన చోడవరము ఆ జిల్లాలోనికి వచ్చినది. జిల్లా మారినను, పార్టీలు మారినను, పథకముల పేర్లు మారినను మన వీధిలోని కాలువ తానై శుభ్రపడదు. ప్రొద్దుననే చీపురు పట్టి వచ్చు మనిషికి నెల ముగియగానే చేతిలో సొమ్ము పడవలెను. ఆ సొమ్ము పంచాయతీ బడ్జెట్టులో మొదటి పంక్తియందు ఉండవలెను. మిగిలినచో ఈయవచ్చునను చివరి పంక్తియందు గాదు. ట్యాంకు, షెడ్డు, భవనము దాని తరువాతి మాటలు.

సభ్యులు ఈ సంవత్సరపు ఇంటిపన్ను రసీదును వెదకి చూచుకొందురుగాక. రసీదు లేనివారు మొదట దానిని సంపాదింతురుగాక. పిమ్మట గ్రామసభకు పోయి, పైన వ్రాసిన ప్రశ్నలలో ఒక్కటియైనను అడుగుదురుగాక. ఒక్కొక్క యూర నొక్కరు లేచి అడిగినను, మరుసటి యేటి బడ్జెట్టు వేరుగా వ్రాయబడునని మా నమ్మకము.